పాత దర్వాజ – కొత్త తాళము

విద్యకు దూరము అడ్డు కారాదని సభలలో తరచుగా వింటూ ఉంటాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల విద్యార్థులకు మాత్రము దూరమే మొదటి పాఠము. ఉదయము బస్సు దొరికితేనే తరగతి. సాయంత్రము బస్సు తప్పితే ఇంట్లో కలవరము. ఈ రెండు బస్సుల నడుమ మిగిలిన కొద్ది గంటలలోనే కంప్యూటరు ప్రయోగశాల తెరచి ఉండవలెను, కరెంటు ఉండవలెను, తన వంతు రావలెను. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రములో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. అది సంతోషింపదగిన మాటే. కాని బస్సు చార్జీ తగ్గినంత మాత్రమున ప్రయోగశాల వేళలు పెరగలేదు. సాయంత్రము బస్సు వేళ దాటిన తరువాత అక్కడ కూర్చొని పని చేసుకొను ఆడపిల్లలు ఎందరు?

సాయంత్రము తాళము పడినది మొదలు మరునాటి ఉదయము వరకు ప్రయోగశాలలోని యంత్రము ఊరకే ఉంటుంది. అదే సమయములో విద్యార్థి ఇంట్లో ఉంటాడు, చేతిలో ఫోను ఉంటుంది. తల్లి బీడీలు చుట్టుచుండగా పక్కన కూర్చొని ఆకు కత్తిరించి ఇచ్చు అమ్మాయికి కూడ రాత్రి భోజనముల తరువాత ఒక గంట తీరిక దొరుకుతుంది. ఊరకే ఉన్న ఆ యంత్రమును, తీరిక దొరికిన ఈ చేతిని కలుపు విద్య ఒకటి ప్రపంచములో యాభై ఏండ్లకు పైగా ఉన్నది. ఎదుట లేని యంత్రమును ఎదుట ఉన్నట్లే తీగ మీదుగా పని చేయించు ఈ పద్ధతిని ఇంగ్లీషులో రిమోట్ యాక్సెస్ అంటారు. మనము దూర ప్రవేశము అందాము.

దీనిని గురించి మా అభిప్రాయమును ముందే చెప్పెదము. మన కళాశాలల వంటి చోట పాత యంత్రములను పారవేయనక్కరలేదు; పాత దర్వాజలను తెరచి ఉంచనూ రాదు. ఒక్క కొత్త దర్వాజ పెట్టి, గట్టి తాళము వేసి, ఆ ఏర్పాటును విద్యార్థుల చేతనే చేయించి, తాళపుచెవులను వారికే అప్పగింపవలెను.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. నేటి ఇంటర్నెట్టుకు మూలమైన ఆర్పానెట్ మొదటి పలుకే దూర ప్రవేశము. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని యంత్రములో ప్రవేశింపగోరి ఒక విద్యార్థి ‘లాగిన్’ అను మాటను టైపు చేయసాగినాడు. ఎల్, ఓ అను రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము కూలబడినది. కొంతసేపటికి మరల ప్రయత్నింపగా ప్రవేశము దొరికినది. మొదటి ప్రయత్నము చెడినదని నిరాశపడు మన విద్యార్థులు ఈ ముచ్చటను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ రోజులలో మొలకెత్తిన టెల్నెట్ అను పద్ధతికి 1983లో స్థిరమైన ప్రమాణము ఏర్పడినది. అదే సంవత్సరము బర్కిలీ విశ్వవిద్యాలయపు యునిక్స్‌తో పాటు ఆర్‌లాగిన్, ఆర్‌షెల్ అను మరి రెండు పనిముట్లు వచ్చినవి. ఆనాటి వర్క్‌స్టేషన్లలో దూర ప్రవేశమనగా ఇవే. వీని స్వభావము తెలియనిదే వీనిని ఎందుకు మూయవలెనో తెలియదు. టెల్నెట్‌లో మనము టైపు చేసిన ప్రతి అక్షరము, పాస్‌వర్డుతో సహా, ఉన్నది ఉన్నట్లుగా తీగ మీద పోవును. పోస్టు కార్డు మీద వ్రాసినది దారిలో ఎవరైనను చదువవచ్చును గదా, ఇదీ అంతే. ఆర్‌లాగిన్ ఇంకొక అడుగు ముందుకు వేసినది. ఫలానా యంత్రము నుండి వచ్చువారు మనవారే అని ఒక చిన్న ఫైలులో వ్రాసి పెట్టినచో, పాస్‌వర్డు కూడ అడుగక లోనికి రానిచ్చును. పేరు చెప్పిన చాలు, ముఖము చూడదు.

వీనిని చేసినవారు తెలివి తక్కువవారు కారు. ఆనాడు ఆ వలలో ఉన్నవారు విశ్వవిద్యాలయముల వారు, పరిశోధకులు, ఒకరినొకరు ఎరిగినవారు. చిన్న పల్లెలో తలుపు దగ్గరకు వేసి, గొళ్ళెమైనా పెట్టక పొలమునకు పోయినట్లే వారు తమ యంత్రములను విడిచి పోయినారు. ఊరు పెరిగి పట్టణమైనది. అలవాటు మాత్రము మారలేదు. 1988 నవంబరు 2న మోరిస్ పురుగు అని పేరు పొందిన ప్రోగ్రాము అమెరికాలోని యంత్రములలో వేల సంఖ్యలో చొరబడినది. ఈ నమ్మకపు ఫైళ్ళు, తేలిక పాస్‌వర్డులు, రెండు మూడు ప్రోగ్రాములలోని లోపములు దానికి దారి ఇచ్చినవి. అటు తరువాత ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలింపగా, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో సెక్యూర్ షెల్ అను ప్రోగ్రామును వ్రాసినాడు. ఎస్‌.ఎస్‌.హెచ్‌. అని మనము పిలుచునది ఇదియే. కార్డు స్థానములో లక్క ముద్ర వేసిన కవరు వచ్చినది. ఫైళ్ళు పంపు పాత పద్ధతి 21వ ద్వారములో, టెల్నెట్ 23వ ద్వారములో ఉండగా, నడుమ ఖాళీగా ఉన్న 22వ ద్వారము దీనికి దొరికినది.

మన దేశములోను ఈ కథ దూర ప్రవేశముతోనే నడిచినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టును అందించినప్పుడు అందులో షెల్ ఖాతా అనునది ఒకటి ఉండెను. బొమ్మలు లేవు, అక్షరములే. మోడెముతో ఫోను కలిపి, నగరములోని ఒక పెద్ద యంత్రములో ప్రవేశించి, పని దానిచేత చేయించుకొనుటయే ఆ ఖాతా. ఆ రోజులలో మన మూడు పట్టణములు కరీంనగర్ జిల్లాలోనివి. దూరమనగా మనకు ఎస్‌.టి.డి. బూతు, గల్ఫు నుండి వచ్చు ఉత్తరము, మాటలు నింపి పంపిన క్యాసెట్టు. పెద్ద నగరముల విద్యార్థులు నల్లని తెర మీద అక్షరములతో లోకమును చేరుచుండగా, మనవారికి ఆ మెట్టు దక్కలేదు. నేరుగా రంగుల ఫోనుకు వచ్చి చేరినాము. నడుమ ఎక్కవలసిన మెట్టు ఎక్కకపోవుట వలన, ఫోను వాడుట వచ్చినది గాని యంత్రమును ఆజ్ఞాపించుట రాలేదు.

ఆ పాత పద్ధతిలో మనవంటి వారికి పనికివచ్చు గొప్ప గుణము ఒకటి ఉన్నది, అది తేలికదనము. అక్షరములకు వల మీద చాల కొద్ది చోటు చాలును. వీడియో పాఠము ఆగి ఆగి వచ్చు ఊరిలో కూడ నల్ల తెర మీది అక్షరములు తడబడక వచ్చును. ఫోనులో ఉచితముగా దొరకు ఒక చిన్న టెర్మినలు ప్రోగ్రాము చాలును. లాప్‌టాప్ కొనలేని ఇంటికి ఇది చిన్న మాట కాదు. లైను తెగినను పని ఆగకుండ, యంత్రము మీద పనిని అట్లే నిలిపి ఉంచు ‘స్క్రీన్’ అను ప్రోగ్రాము 1987 నుండియే ఉన్నది. మెట్‌పల్లి బస్సులో సిగ్నలు పోయినను, ఇంటికి చేరి మరల ప్రవేశించినచో వదిలిన చోటనే వ్రాసికొనవచ్చును.

ఇచ్చట రెండు వాదములు వినవచ్చును. ‘దూరము నుండి ఎవరినీ రానీయరాదు, యంత్రమునకు వల తీగయే పీకి వేయుడు’ అనునది ఒకటి. ‘పాతవన్నీ తీసివేసి కొత్తవి కొనిన తరువాత చూతము’ అనునది రెండవది. మొదటి దానిలో భయము సత్యమే గాని మందు తప్పు. దొంగల భయముతో బడికి తలుపే లేకుండ గోడ కట్టినట్లగును. రెండవది ప్రతి సంవత్సరము వచ్చే సంవత్సరమునకు పోవుచుండును. చాల ప్రయోగశాలలలో విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రములు ఇంకను ఉన్నవి. దానికి మైక్రోసాఫ్టు వారి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ముగిసినది. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరులో ముగిసినవి. కొన్న కొత్తది పాతదగుటకు ఎంతో కాలము పట్టదు. కావున పాతదానితో జాగ్రత్తగా బ్రదుకుట ఎట్లో నేర్చుకొనక తప్పదు.

జగిత్యాల ఖిల్లాను చూడని విద్యార్థి మనలో ఉండడు. పదునెనిమిదవ శతాబ్దపు ఆ కోటను నక్షత్రపు ఆకారములో కట్టి, చుట్టూ అగడ్త త్రవ్వినారు. లోన ఎన్ని గదులున్నను, ఒక్కొక్క గదికి అగడ్త మీదుగా ఒక్కొక్క వంతెన వేయలేదు. మనము చేయవలసిన ఏర్పాటు కూడ అట్టిదే.

మొదట యంత్రములో ఏయే ద్వారములు తెరచి ఉన్నవో లెక్క వ్రాయవలెను. టెల్నెట్ వారి 23, ఆర్‌లాగిన్ కుటుంబము వారి 512, 513, 514 సంఖ్యల ద్వారములు వల వైపు తెరచి ఉన్నచో మూయవలెను. విండోస్ వారి దూరపు తెరకు 3389వ ద్వారము. అది నేరుగా ఇంటర్నెట్టు వైపు తెరచి ఉండుట మరింత ప్రమాదము. తరువాత ఏదైన ఒక సాధారణ యంత్రము మీద కొత్త లినక్సు ఎక్కించి కావలి యంత్రముగా నిలుపవలెను. బయటి నుండి వచ్చువారందరు ఎస్‌.ఎస్‌.హెచ్‌. ద్వారా దీని యొద్దకే రావలెను. కొత్త తాళము పట్టని ముసలి వర్క్‌స్టేషను ఉన్నచో, అది ఈ కావలి యంత్రముతో మాత్రమే, వేరు తీగ మీద, తన పాత భాషలో మాటలాడవలెను. పాత భాష గోడ దాటి బయటికి పోరాదు.

ఇక్కడ అనుభవము లేనివారు తరచుగా చిక్కుపడు చోటు ఒకటి ఉన్నది. పాత వర్క్‌స్టేషను మీద ఎస్‌.ఎస్‌.హెచ్‌. ఉన్నను కొత్త యంత్రము దానితో కలియుటకు ఒప్పుకొనదు. ఇద్దరికీ ఉమ్మడి పద్ధతి లేదని చెప్పి విరమించును. ఇది యంత్రపు చెడుతనము కాదు. ఓపెన్ ఎస్‌.ఎస్‌.హెచ్‌. వారు బలము తగ్గిన పాత గూఢలిపి పద్ధతులను కొన్నిటిని 2015లో, మరికొన్నిటిని 2021లో తామే మూసివేసినారు. అప్పుడు చాలమంది ఆ పాత పద్ధతులను అన్ని యంత్రములకు మరల తెరచి, పని జరిగినదని తృప్తిపడుదురు. అట్లు చేయరాదు. అమరిక ఫైలులో ఆ ఒక్క ముసలి యంత్రము పేరు వ్రాసి, దాని క్రింద మాత్రమే ఆ మినహాయింపు ఇయ్యవలెను. ఇంటి తాతగారికి చిన్న చక్రపు సైకిలు కావలెనని ఊరందరి సైకిళ్ళ చక్రములు కోయము గదా.

పాస్‌వర్డుల స్థానములో జంట చెవులను వాడవలెను. ప్రతి విద్యార్థి తన ఫోనులో ఒక జంటను తయారు చేసికొనును. అందులో బహిరంగమైనది కావలి యంత్రము మీద ఉండును. అది ఎవరు చూచినను నష్టము లేదు. రహస్యమైనది ఫోనును విడిచి పోరాదు, దానికొక రహస్య వాక్యము కూడ ఉండవలెను. తరువాత పాస్‌వర్డుతో ప్రవేశమును, యజమాని పేరిట నేరు ప్రవేశమును మూసివేసినచో, రాత్రంతయు పాస్‌వర్డులు ఊహించి తలుపు తట్టు దొంగలకు చేతికి ఏమియు చిక్కదు. మొదటిసారి ప్రవేశించునపుడు యంత్రము తన వేలిముద్రను చూపి ‘నమ్మెదవా?’ అని అడుగును. చదువక అవునని కొట్టుట మన అలవాటు. ఆ వేలిముద్రను ప్రయోగశాల నోటీసు బోర్డు మీద వ్రాసి పెట్టినచో, పోల్చి చూచి అవుననుట అలవడును.

ఇంకొక చిక్కు ఉన్నది. నేడు చాల కనెక్షన్లలో మనకు సొంత చిరునామా ఉండదు. ఒకే చిరునామా వెనుక అనేక మంది ఖాతాదారులు ఉందురు. బయటివారు మన గడప కనుగొనలేరు. అప్పుడు కంపెనీ వారిని స్థిరమైన చిరునామా అడుగవలెను. లేదా కావలి యంత్రమే బయట అద్దెకు తీసికొన్న ఒక చిన్న సర్వరునకు తాను సొరంగము త్రవ్వి ఉంచవలెను. ఈ రెండవ పద్ధతిలో బయటి నుండి లోనికి ద్వారము తెరువనక్కర కూడ ఉండదు.

ఇదంతయు ఒక ప్రయోగశాల సౌకర్యము కొరకే అయినచో ఇంత వ్రాయనక్కర లేదు. దూర ప్రవేశమును మనము నేర్పకున్నను మన ఇండ్లకు అది ఎప్పుడో వచ్చినది. దొంగల చేతిలో వచ్చినది. బ్యాంకు వారమని ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి ప్రోగ్రామును వేసికొమ్మని, తెర మీద కనబడు తొమ్మిది అంకెలను చెప్పుమని అడుగు మోసమును గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. ఆ ప్రోగ్రాము చెడ్డది కాదు. మరమ్మతులు చేయువారికి అది నిత్యోపయోగము. చెడ్డది మన తెలియనితనము. ఆ అంకెలు చెప్పి, అనుమతి మీట నొక్కుట ఎట్టిదో మన ప్రాంతము వారికి ఒక్క మాటలో చెప్పవచ్చును: అది ఎరుగని వానికి ముఖ్తార్‌నామా వ్రాసి ఇచ్చుట.

గల్ఫుకు పోవువాడు అన్నకో బావమరిదికో ముఖ్తార్‌నామా ఇచ్చి పోవుట కోరుట్లలో అందరు ఎరిగినదే. ఇచ్చునపుడు పెద్దలు కూర్చొని ఆలోచింతురు. ఎవరికి ఇయ్యవలెను? భూమి కౌలుకు ఇచ్చుటకా, అమ్ముటకా? ఎంత కాలమునకు? ఎప్పుడు రద్దు చేయవలెను? ఎస్‌.ఎస్‌.హెచ్‌. అమరికలో విద్యార్థి వేయు ప్రశ్నలు సరిగా ఇవే. ఏ పేరిట ప్రవేశము, ఏ పనికి అనుమతి, ఎవరి చెవి ఎప్పుడు తీసివేయవలెను, ఎవరు వచ్చి పోయినది ఎక్కడ వ్రాయబడును. ఈ నాలుగు ప్రశ్నలను ప్రయోగశాలలో చేతితో నేర్చిన అమ్మాయి, దుబాయి నుండి తండ్రి పంపిన డబ్బు ఉన్న ఖాతా ముందర కూర్చొన్న తల్లిని కూడ కాపాడగలదు. ఫోనులో ఎవరో అంకెలు అడుగగానే పెట్టివేయమని చెప్పగలదు. ఒకవేళ మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయగలదు. వేయి ప్రకటనలు చేయలేని పనిని ఇంట్లో ఒక చదువుకున్న బిడ్డ చేయును.

ఈ కారణముననే ఆ ఏర్పాటును బయటి కంపెనీ వారిచే చేయింపరాదని మా పట్టుదల. వారు వచ్చి, చేసి, డబ్బు తీసికొని పోదురు. తెలివి కూడ వారితోనే పోవును. సిరిసిల్లకు పోయి చూడుడు. అక్కడి సాంచాలలో ఎంతో పాతవి ఉన్నవి. పోగు తెగినచో చప్పుడును బట్టి తెలిసికొను కార్మికుడున్నాడు. విరిగిన భాగమునకు బదులు భాగము చేసి బిగించు మేస్త్రీ ఉన్నాడు. వారికి ఏ కళాశాలయు పట్టము ఇయ్యలేదు. యంత్రము పాతదని వారు తక్కువ చూడలేదు. పాతదైన కొలది దాని స్వభావము ఎక్కువ తెలిసికొన్నారు. ఆ ఇండ్ల బిడ్డలే మన తరగతిలో కూర్చొని, కంప్యూటరు ఆగిపోగానే చేతులు కట్టుకొని అటెండరును పిలుచుచున్నారు. ఈ చేతులు అశక్తములు కావు. వానికి విప్పి చూచు అవకాశము మనము ఇయ్యలేదు.

ఆక్షేపణలు ఉండును. విద్యార్థులు దుర్వినియోగము చేయుదురని కొందరు అనవచ్చును. ప్రతి ప్రవేశము యంత్రము తానే వ్రాసికొను హాజరు పట్టీలో ఎక్కును. ఎవరు, ఏ వేళ, ఏ చిరునామా నుండి వచ్చినది దాచలేరు. మార్కులు, ఫీజులు, ఉపకార వేతనముల వివరములున్న కార్యాలయపు యంత్రములను ఈ వలలో కలుపనే రాదు. వానికి వేరు తీగ, వేరు గది. ఖర్చు మాటకు వచ్చినచో, ప్రోగ్రాములన్నీ ఉచితము. యాభై వాట్లు తీసికొను యంత్రము రాత్రి పదునారు గంటలు నడిచినచో 0.8 యూనిట్; నెలకు 24 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు నిలుపుటకు ఒక బ్యాటరీ కావలెను. ఇంతకు మించిన ఖర్చు ఏమైన ఉన్నచో అది అధ్యాపకుల ఓపిక. దానికి బిల్లు పెట్టు అలవాటు మా వృత్తిలో లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. వచ్చే విద్యా సంవత్సరమున ఒక్క కావలి యంత్రమునకు, ఒక్క పాత వర్క్‌స్టేషనుకు, పదిమంది విద్యార్థులకు అనుమతి ఇప్పించవలెను. ఆ పదిమందిలో సగమునకు తక్కువ కాకుండ ఆడపిల్లలు ఉండవలెను. సాయంత్రపు బస్సు వారికే ముందు కదులును. ఎవరికి చెవి ఇచ్చినది, ఎప్పుడు తీసివేసినది ఒక రిజిస్టరులో వ్రాసి ప్రిన్సిపాలుగారి సంతకము తీసికొందము. చదువు ముగించి పోవు విద్యార్థి లైబ్రరీ పుస్తకములు తిరిగి ఇచ్చినట్లే తన చెవిని రద్దు చేయించి పోవలెను. సంవత్సరాంతమున లాభనష్టములు చూచి, నష్టమే ఎక్కువ అని తోచినచో మూయవచ్చును. ఒక్క ద్వారము మూయుట అర నిమిషపు పని.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు హైదరాబాదులో, మరికొందరు రియాదులో, దోహాలో ఉద్యోగములు చేయుదురు. ఏ కంపెనీకి పోయినను మీరు తాకు యంత్రము మీ ఎదుట ఉండదు. ఎక్కడో వేరు దేశములో ఉండును. ఆనాడు మిమ్ములను ఎవరును ముందుగా అడుగునది, ఆ దర్వాజ తీయుట వచ్చునా అని. ఆ వెంటనే అడుగునది, మూయుట వచ్చునా అని. ఈ రెండును నేర్చుటకు కావలసిన పాత యంత్రములు మన ప్రయోగశాలలోనే దుమ్ము పట్టి ఉన్నవి. కమిటీ వారు ఈ విన్నపమును రాబోవు సమావేశమున చర్చకు పెట్టుదురని, మీరు దుమ్ము తుడుచుటకు గుడ్డతో సిద్ధముగా ఉందురని ఆశించుచున్నాము.